ఎడమచేతి ఉత్తరాలు

సారపాక
6 అక్టోబర్ 2024

అన్నయ్యా,

ఎడమచేత్తో రాస్తున్నాను. నవ్వకు. బట్టలుతికే బండ దగ్గర జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు కట్టు ఉండాలట.

వదిన పెద్దకర్మ చేయనని నువ్వు భీష్మించుకున్న రోజు అన్నం తినకుండా లేచి వచ్చాను. ఏడు నెలలైంది. కోపం ఇంకా పోలేదు. అయినా పని పడింది కనుక రాస్తున్నాను. ఫోన్ చేస్తే నీకు వినబడదు. నేను అరిస్తే మీ పక్కింటివాళ్లు జవాబు చెబుతున్నారు.

పని నా రామకోటి. ఇరవై రెండేళ్లుగా శ్రీరామ, శ్రీరామ అని రాస్తూనే ఉన్నాను కదా. కోటికి ఇంకా మూడు లక్షలే తక్కువ. వచ్చే శ్రీరామనవమికి భద్రాచలం కొండ మీద సమర్పిస్తానని మొక్కుకున్నాను. ఇంతలో చెయ్యి ఇలా అయింది. తోడబుట్టినవాళ్లు రాస్తే చెల్లుతుందని పంతులుగారు చెప్పారు. నాకు తోడబుట్టింది నువ్వొక్కడివే. దేవుడు లేడని ఊరూరా ఉపన్యాసాలు చెప్పేవాడివే తోడబుట్టావు, ఏం చేయను.

రాస్తావా, రాయవా?

పున్నమ్మ

ఈ మాత్రానికి రెండు పూటలు పట్టింది.


పాల్వంచ
10 అక్టోబర్ 2024

పున్నమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఎవరో ఒకటో తరగతి పిల్లాడు సెలవు చీటీ రాసి పొరపాటున నాకు పంపాడనుకున్నాను. కింద నీ పేరు చూసి నవ్వు ఆపాను. ఎముక అతికేదాకా బరువులెత్తకు. రాగి జావ తాగు.

రామకోటి మాత్రం రాయను. నలభై ఏళ్లుగా నేను చెప్పినదంతా తప్పని అరవై తొమ్మిదేళ్ల వయసులో నా చేత్తోనే మూడు లక్షల సార్లు రాసివ్వమంటావా? పైగా మీ పంతులుగారి తర్కం చూడు. నువ్వు వేసుకోవాల్సిన మాత్ర నేను మింగితే నీ జ్వరం తగ్గుతుందా?

తీరిక లేక కాదు. తీరిక తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. లేస్తాను, ఎందుకు లేచానా అనుకుంటాను. నాలుగు బ్రెడ్డు ముక్కలు, రెండు టీలతో రోజు అయిపోతుంది. ఇదంతా ఎందుకు అని అడగడానికి మీకైతే ఒకడున్నాడు. నాకు అడుగుదామన్నా ఎవడూ లేడు.

ఇది చదివి కంగారు పడకు. ఊరికే రాశాను.

పిచ్చయ్య


సారపాక
16 అక్టోబర్ 2024

అన్నయ్యా,

రాయనన్నావు. సరే.

నీ మేనల్లుడు రవికుమార్ జామాయిల్ కర్ర లోడు కోసం మీ ఊరి మీదుగా కారేపల్లి వైపు వెళ్తున్నాడు. వాడితో పన్నెండు ఖాళీ పుస్తకాలు పంపుతున్నాను. ఇష్టం లేకపోతే పొయ్యిలో పెట్టు, నీకెలాగూ పాపం అంటదు. గడికి ఒక శ్రీరామ. పుస్తకానికి ఇరవై ఐదు వేల గళ్లు. గీత దాటకూడదు, ఎర్ర సిరా వాడకూడదు. పొయ్యిలో పెట్టేవాడికి ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు.

డబ్బాలో గుత్తి వంకాయ కూర ఉంది. వండింది కోడలు. నేను పక్కన నిలబడి విరిగిన చెయ్యి ఊపుతూ అజమాయిషీ చేశాను. డబ్బా తిరిగి పంపు.

పున్నమ్మ


పాల్వంచ
5 నవంబర్ 2024

పున్నమ్మకు,

వారం రోజులు ఆ పుస్తకాలను బల్ల మీద పెట్టి, వాటి వంక చూడకుండా తిరిగాను. ఎనిమిదో రోజు పెన్ను పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక గడి నింపాను. ఒక్క గడి నింపి వదిలేస్తే పేజీ అసహ్యంగా కనబడింది. ముప్పై నాలుగేళ్లు పవర్ స్టేషన్‌లో గంట గంటకూ లాగ్ షీట్ నింపినవాణ్ని. ఖాళీ గడి కనబడితే చెయ్యి ఊరుకోదు. కనుక ఇది భక్తి కాదు, ఉద్యోగం అంటించిన జబ్బు. ఎవరితోనూ చెప్పకు.

స్నానం చేయకుండా రాస్తున్నాను. టీ తాగుతూ రాస్తున్నాను. పన్నెండో పేజీ మీద కప్పు మరక గుండ్రంగా పడింది. పద్నాలుగేళ్లు అడవుల్లో తిరిగినవాడు టీ మరకకు ఏమీ అనుకోడులే.

ఆరింటికి కూర్చుంటే లేచేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి ఆకలి వేస్తోంది. నిన్న ఉప్మా చేశాను. దాన్ని చెంచాతో కాదు, అట్లకాడతో గీక్కుని తినాల్సి వచ్చింది. ఎసరు ఎంత పొయ్యాలి?

చెయ్యి ఎలా ఉంది?

పిచ్చయ్య


సారపాక
24 నవంబర్ 2024

అన్నయ్యా,

గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్లు. నీళ్లు మరిగాక రవ్వ పొయ్యాలి. నువ్వు ముందు రవ్వ పోసి తర్వాత నీళ్ల కోసం వెతికి ఉంటావు.

చెయ్యి ఇంకా అతకలేదు. మొండి ఎముక అన్నాడు డాక్టర్. మన వంశంలో ఎముక మెత్తగా ఎందుకుంటుంది? ఇంకో మూడు నెలలు పట్టొచ్చట. అందుకే ఈ ఉత్తరం కూడా ఎడమచేత్తోనే. నువ్వు రాయడం ఆపకు.

సంతలో అడ్డాకుల విస్తళ్లు అమ్మే జంపక్క నీకు తెలియదు. అడవి లోపలి కోయగూడెం ఆమెది. ఈ మధ్య మాకు మంచి స్నేహం. నీ సంగతి చెబితే ఆమె విస్తరి కుట్టడం ఆపి ఆలోచించింది.

"నీ అన్న దేవుడు లేడంటడు, దేవుని పేరు రాస్తడు. నువ్వు ఉన్నడంటవు, ఇన్ని దినాల సంది రాస్తలేవు. మీ ఇద్దర్ల ఎవరు ఏందో నాకు సమజైతలేదు" అంది.

"మీ వేల్పు పేరు మీరు రోజూ తలుచుకోరా?" అని అడిగాను.

"పండగకు పిలుస్తం. వస్తడు, తింటడు, పోతడు. తక్కిన దినాలు ఆయన పని ఆయనది, మా పని మాది. దినాం పిలిస్తే ఆయనకైనా యాష్టకు రాదా?"

ఇరవై రెండేళ్లుగా రోజూ పిలిచి విసిగిస్తున్నదాన్ని నేనే కదా. రెండు కట్టలు విస్తళ్లు కొనుక్కుని వచ్చేశాను.

పున్నమ్మ


పాల్వంచ
18 డిసెంబర్ 2024

పున్నమ్మకు,

జంపక్కను మా హేతువాద సంఘంలో చేరుతుందేమో కనుక్కో. అక్కడ ఒక పదవి ఖాళీ అయింది. నాదే.

మొన్న జయప్రకాశ్ వచ్చాడు. నాతో కలిసి దొంగ బాబాల గుట్టు విప్పుతూ ఇరవై ఏళ్లు తిరిగినవాడు. తలుపు తీసే ఉంది. నాకు చప్పుడు వినబడదు కదా, వెనక నిలబడి ఎంతసేపు చూశాడో.

"ఏందిది పిచ్చన్నా?" అని చెవిలో అరిచాడు.

"చెల్లెలి చెయ్యి విరిగింది" అన్నాను.

"చెయ్యి విరిగితే పోయి అంట్లు తోమిపెట్టు. గిట్ల రాముని పేరు రాసుడేంది? నువ్వు నమ్ముతున్నవా, లేదా? ఒక్క మాట చెప్పు."

"రాముణ్ని నమ్మను. పున్నమ్మను నమ్ముతాను" అన్నాను.

వచ్చే నెల సభకు నేను అధ్యక్షుణ్ని కావాల్సింది. ఇప్పుడు ఆరోగ్యం చూసుకోమని కబురు పంపారు. నా ఆరోగ్యం నిజంగానే బాగుంది. ఉప్మా కుదిరింది.

ఒక మాట అడుగుతాను. రాసేటప్పుడు నేను రాముడి గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించను. ఏవేవో గుర్తొస్తాయి. మీ వదిన భద్రమ్మ గొంతు, పాత క్వార్టర్‌లో కారే కుళాయి, ఇలాంటివి. నీకేం కనబడేది? వెలుగులాంటిదేమైనా వచ్చేదా? వస్తే ఎన్నో పుస్తకంలో వచ్చింది?

పిచ్చయ్య


సారపాక
4 జనవరి 2025

అన్నయ్యా,

వెలుగా? కందిపప్పు కనబడేది. నానబోశానా లేదా అని. ఇరవై రెండేళ్లలో మూడుసార్లో నాలుగుసార్లో మనసు ఎక్కడికీ పోకుండా నిలబడింది. నిలబడిందని తెలుసుకునేలోపు ఎవరో ఒకరు పాలు పొంగించేవారు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాస్తికుడివి కదా, నీకు చెబితే ఫరవాలేదనిపించింది.

"పున్నమ్మను నమ్ముతాను" అన్నావని చదివాక ఆ పూట అన్నం సహించలేదు. ఎందుకని అడగకు.

మంగళవారం మంగళవారం భద్రాచలం దవాఖానాకు వెళ్తున్నాను. చెయ్యి కోసమే. ఎడమచేతి రాత కాస్త కుదురుకుంది కదూ? అలవాటైపోయింది.

పున్నమ్మ


పాల్వంచ
13 ఫిబ్రవరి 2025

చెల్లీ,

ఎడమచేత్తో రాస్తున్నాను. స్నానాల గదిలో పడ్డాను. కుడి చెయ్యి విరిగింది. ఆరు వారాలు కట్టు. ఇంకా నాలుగు పుస్తకాలు ఉన్నాయి. వండి పెట్టే దిక్కు లేదు.

పిచ్చయ్య


సారపాక
19 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

ఇది కుడిచేత్తో రాస్తున్నాను. ఇక దాచి లాభం లేదు.

నీ ఉత్తరం చూసి ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి కోడలి చెప్పు వేసుకుని బస్సెక్కాను. సారపాక నుంచి పాల్వంచ దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఉచిత టికెట్‌కు ఆధార్ కార్డు చూపించమనడానికి కండక్టర్‌కు నోరు రాలేదు. తీరా వస్తే నువ్వు గుమ్మంలో నిలబడి రెండు చేతులూ పైకెత్తి పది వేళ్లూ ఆడించావు.

"ఏందే, బియ్యం సంచి కుడిచేత్తో మోసుకొచ్చినవ్. మొండి ఎముక అతికిందా?" అన్నావు.

అప్పుడు గాని సంచి ఏ చేతిలో ఉందో నేను చూసుకోలేదు. మన ఇద్దరి అరుపులకు పక్కింటామె పరుగెత్తుకొచ్చి "ఏంది సారూ, కొట్లాటనా?" అంటే "అవ్, మా చెల్లె వచ్చింది" అన్నావు. ఏడు నెలలు, పైన ఇంకో నాలుగు నెలలు అయ్యాక నీ ముఖం చూశాను కనుక సరిపోయింది. లేకపోతే ఆ సంచితోనే కొట్టేదాన్ని.

మీ వీధి చివర టీ కొట్టు దూలయ్య ఎంత పని చేశాడు. కూతురి కాన్పుకు భద్రాచలం దవాఖానాకు వస్తే పేరు, ఊరు, వయసు చీటీ మీద రాసిచ్చింది నేనే. ఆయన పేరు విన్నాను గానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు. "సారూ, ఒక పెద్దమ్మ రాసిచ్చింది, అచ్చం మీ రాతనే" అని ఆ చీటీ తెచ్చి నీకు చూపిస్తాడని నేను కలగన్నానా? ఇద్దరికీ ఒకే పంతులు దగ్గర అక్షరాలు దిద్దించిన మన నాన్నను అనాలి.

అన్నీ ఒకేసారి చెప్పేస్తాను. నా కట్టు నవంబర్ పద్దెనిమిదినే విప్పారు. తోడబుట్టినవాళ్లు రాస్తే చెల్లుతుందని ఏ పంతులుగారూ చెప్పలేదు, నేనే కల్పించాను. ఆ దూలయ్యే కిందటి సెప్టెంబర్‌లో మన రవికుమార్‌తో "సారు పన్నెండైనా తలుపు తీస్తలేడు, తింటున్నడో లేదో" అన్నాడట. నీకు మంచిమాట చెబితే వినవు. చెవులు బాగున్న రోజుల్లోనే వినలేదు. నీకు ఏదో ఒక పని పెట్టాలని పదిహేను రోజులు ఆలోచించాను. బండ దగ్గర చెయ్యి విరిగినప్పుడు మొదట నొప్పి తెలిసింది, వెంటనే నువ్వు గుర్తొచ్చావు.

ఆ దవాఖానా సంగతి కూడా చెబుతాను. కట్టు కోసం కూర్చున్న రోజు జంపక్క గూడెం నుంచి వచ్చిన నిండు చూలాలు ఒకామె చీటీ పట్టుకుని ఏ కిటికీ దగ్గరికి పోవాలో తెలియక నిలబడి ఉంది. వెంట తీసుకెళ్లి చూపించాను. మరుసటి వారం ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని జంపక్కే వచ్చింది. ఇప్పుడు మంగళవారం వస్తే నా కోసం ఆరేడుగురు ఎదురుచూస్తుంటారు. నీకు చెబితే "చూశావా, రాముణ్ని వదిలాకే పనికొచ్చావు" అంటావని చెప్పలేదు. నేను వదల్లేదు. పొద్దున దండం పెట్టుకునే బస్సెక్కుతున్నాను.

కానీ ఒకటి ఉంది. మీ బావగారికి జబ్బు చేసినప్పుడు ఆ రామకోటి మొదలుపెట్టాను. ఆయన పోయాక కూడా ఆపలేదు. ఆపితే ఆయన పోయింది నిజమైపోతుందని భయం. చెయ్యి విరిగిన మర్నాడు ఐదింటికి లేచి కూర్చుని, ఈ రోజు రాయక్కర్లేదు కదా అనుకుని మళ్లీ పడుకున్నాను. ఇరవై రెండేళ్లలో అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు. రాముడికి చెప్పకు.

ఇంకో తప్పు కూడా చేశాను. నువ్వు ఉప్మా కలుపుతుండగా తువ్వాలు కోసం పెట్టె తెరిచాను. వదిన చీరలో చుట్టి మూడు పుస్తకాలు కనబడ్డాయి. నేను పంపిన పన్నెండింటిలోవే. గళ్లన్నీ నిండి ఉన్నాయి. ఒక్క గడిలో కూడా శ్రీరామ లేదు. అన్నిట్లోనూ భద్రమ్మ, భద్రమ్మ, భద్రమ్మ. నీతో చెప్పకుండా వాటిని నా సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఉప్మా బాగుంది.

పున్నమ్మ


పాల్వంచ
25 ఫిబ్రవరి 2025

పున్నమ్మకు,

అబద్ధాలాడావు, సరే. దొంగతనం కూడా చేస్తావనుకోలేదు. అవి నా పుస్తకాలు. కాదు, నీ పుస్తకాలే, లోపలిది నాది. తిరిగి పంపు.

అడిగేలోపు నేనే చెబుతాను. నవంబర్‌లో ఒక రోజు పొద్దున శ్రీరామ రాస్తూ రాస్తూ చూసుకుంటే గడిలో భద్రమ్మ అని ఉంది. మహిమ అని గంతులు వేయకు. చెయ్యి పరధ్యానంగా పోయింది, అంతే. కొట్టేద్దామని పెన్ను పెట్టాను. ఆ పేరు మీద గీత గీయడానికి మనసు రాలేదు. పక్క గడిలో కూడా రాశాను. ఆ పుస్తకం అలాగే అయిపోయింది. తర్వాత ఇంకో రెండు.

నలభై మూడేళ్లు కాపురం చేశాను, ఆమెను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఏమేవ్ అన్నాను. ఎవరైనా ఉంటే "ఇదిగో" అన్నాను. దవాఖానాలో ఆఖరి రోజు నర్సు "పేరు పెట్టి పిలవండి, కళ్లు తెరుస్తుందేమో" అంది. నాకు సిగ్గేసింది. పున్నమ్మా, నా భార్య పేరు నోటితో అనడానికి నాకు సిగ్గేసింది. ఏమేవ్ అనే పిలిచాను. ఇప్పుడు డెబ్బై ఐదు వేల సార్లు రాశాను.

అది పెద్దకర్మ కాదు. అలా అనుకుని సంబరపడకు. ఆమె ఎక్కడో ఉండి చూస్తోందని కూడా నేను అనుకోవడం లేదు. మనిషి పోతే పోయినట్టే. రాసేటప్పుడు మాత్రం చెయ్యి నొప్పి పుట్టినా ఆపాలనిపించలేదు. అది ఏమిటో నాకు తెలియదు. జయప్రకాశ్‌కు తెలియదు, మీ పంతులుగారికి అసలే తెలియదు.

మిగిలిన నాలుగు పుస్తకాలు రాముడి పేరుతోనే నింపి నవమిలోపు పంపుతాను. మాట ఇచ్చాను కనుక. ఆ మూడింటిని మాత్రం కొండకు తీసుకెళ్లకు. నీ మొక్కు పాడైందని రేపు నన్నంటావు.

పిచ్చయ్య


సారపాక
7 ఏప్రిల్ 2025

అన్నయ్యా,

తీసుకెళ్లాను.

ముందు నువ్వు కూర్చో. నిన్న నవమి కదా, కల్యాణం రోజు జనంలో ఇరుక్కుంటామని మొన్ననే కొండెక్కాను. పుస్తకాల మూట రవికుమార్ మోశాడు. నువ్వు రాసినవి పన్నెండూ ఒకే కట్టలో కట్టాను, ఆ మూడింటిని మధ్యలో పెట్టాను. దొంగబుద్ధి వచ్చాక పద్ధతిగా చేయాలి కదా.

పుస్తకాలు తీసుకునే పెద్దాయన నా పాతవన్నీ చూడకుండానే పక్కన పెట్టించాడు. మన కట్ట దగ్గరికి వచ్చేసరికి ఏమనిపించిందో, విప్పి సరిగ్గా మధ్యలోంచి ఒకటి లాగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు.

"ఏందమ్మా ఇది? శ్రీరామ కాదు గదా" అన్నాడు.

నాలుగు నెలలు నీకు అంచెలంచెలుగా అబద్ధాలు రాసినదాన్ని, ఆ నిమిషానికి ఒక్కటీ తట్టలేదు. ఆయనే మళ్లీ చదువుకున్నాడు.

"భద్రమ్మ... భద్రుని కొండ గదా ఇది. కొండను తల్లిని చేసి రాసిండన్నమాట. అందరు దేవుని పేరు రాస్తరు, కొండ పేరు రాసినోన్ని ఇంతవరకు చూడలే. ఎవరో గొప్ప భక్తుడమ్మా" అని పుస్తకం కళ్లకద్దుకున్నాడు.

"అవ్, గొప్ప భక్తుడే" అన్నాను. రవికుమార్ మొహం అటు తిప్పుకున్నాడు. వాడి భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడని ఆ పెద్దాయన వాడి వీపు నిమిరాడు.

నా కోటికి డెబ్బై ఐదు వేలు తక్కువ. ఇంటికి వచ్చాక చాలాసేపు ఆలోచించాను. మళ్లీ పుస్తకం కొనను. రాముడు అడిగితే మా వదినను అడగమంటాను.

మంగళవారాల్లో నా గొంతు పోతోంది అన్నయ్యా. చీటీలు రాసుకుంటూ కూర్చుంటే జనాన్ని పిలిచేవాళ్లు ఉండరు, పిలుస్తూ తిరిగితే రాసేవాళ్లు ఉండరు. నీకు వినబడదు, కానీ రాత మంచిది. నేను అరుస్తాను, నువ్వు రాయి. పేర్లు రాయడంలో నీకిప్పుడు మంచి సాధన ఉంది కూడా. 15వ తారీఖు మంగళవారం. మొదటి బస్సుకు రా.

పున్నమ్మ


పాల్వంచ
11 ఏప్రిల్ 2025

పున్నమ్మకు,

నన్ను గొప్ప భక్తుణ్ని చేసినందుకు ఆ పెద్దాయన మీద, ఒప్పుకున్నందుకు నీ మీద పరువు నష్టం దావా వేయాలి. నీ ఉత్తరం జయప్రకాశ్‌కు చూపించాను. కుర్చీలోంచి పడేలా నవ్వి, తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. భద్రమ్మ చేతి అన్నం చాలాసార్లు తిన్నవాడు. మే నెల సభకు నన్ను మళ్లీ పిలిచాడు. మంగళవారమైతే కుదరదని చెప్పాను.

వస్తాను. నాదొక మాట. చీటీ రాయించుకునే ఆడవాళ్ల పేర్లు నాకు వినబడవు కనుక, ప్రతి పేరూ నా చెవిలో చెప్పు. పక్కనున్న భర్తల్ని అడగకు, ఆమెనే అడిగి చెప్పు. తప్పు పేరు రాస్తే ఊరుకోను.

పని అయ్యాక నన్ను కొండకు లాక్కెళ్తావని తెలుసు. మెట్లు ఎక్కుతాను. లోపలికి రాను. భద్రమ్మతో వచ్చినప్పుడూ అంతే. ఆమె లోపలికి వెళ్లేది, నేను బయట చెప్పుల దగ్గర కూర్చునేవాణ్ని. ఎంతకీ వచ్చేది కాదు. వచ్చాక "అంతసేపు ఏం అడిగావే" అని విసుక్కునేవాణ్ని. ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆమె పేరు లోపల ఉంది. నువ్వు వెళ్లి నీ ఇష్టం వచ్చినంతసేపు ఉండి రా. నేను చెప్పుల దగ్గర కూర్చుంటాను. ఈసారి తొందర పెట్టను.

పిచ్చయ్య